గుండీల డబ్బాలో నీలం దారం

నాకు అన్నిటికంటే పెద్ద భయమేమిటో ముందే చెప్పేస్తాను. ఒకరోజు పొద్దున నేను లేవను. పక్కలో మా పాప లేచి, అమ్మ ఇంకా నిద్రపోతోందనుకుని, నా జడ విప్పి ఆడుకుంటూ కూచుంటుంది. దానికి ఆకలేసి ఏడ్చేదాకా ఎవరికీ తెలియదు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. నా ఒంట్లో హెచ్ఐవీ ఉంది. నాలుగేళ్ళుగా రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒక మాత్ర వేసుకుంటున్నాను, ఒక్కరోజు తప్పలేదు. రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గిందని డాక్టరమ్మ చెప్పింది. పాపకు పరీక్షలు చేయించాం, దానికి లేదు. మావారికి తెలుసు. మా అత్తయ్యకు తెలియదు. కనీసం ఆ శనివారం పొద్దున మాస్టారి గుండీల డబ్బా తెరిచేదాకా, తెలియదనే అనుకున్నాను.

మాస్టారు అంటే బడి మాస్టారు కాదు, కుట్టు మాస్టారు. తొమ్మిదో తరగతి సగంలో నన్ను బడి మాన్పించినప్పుడు మా నాన్న నన్ను తీసుకెళ్ళి కూచోబెట్టింది ఆయన మిషను పక్కనే. ఆరేళ్ళు అక్కడే ఉన్నాను. కత్తెర పట్టడం, కాజా తియ్యడం, కాలరు తిప్పడం, పెద్దవాళ్ళ ముందు నోరు మూసుకోవడం, అవసరమైనప్పుడు తెరవడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. గురువారం పగలు పదకొండూ ఇరవైకి ఆయన అదే మిషను మీద తల వాల్చి పోయాడు. యాభై రెండేళ్ళు.

శనివారం తొమ్మిదిన్నరకు మేం ఆ కొట్లోకి అడుగుపెట్టేసరికి మాకంటే ముందే ఒకాయన వచ్చి ఉన్నాడు. చేతులకు రబ్బరు తొడుగులు, గదిలో కూడా నల్లకళ్ళద్దాలు. మాస్టారి అన్నగారు పెట్టిన డిటెక్టివ్. మా అత్తయ్యను చూడగానే కళ్ళద్దాలు తీసేశాడు.

"నమస్కారం మేడమ్. ఈ వయసులో మీరెందుకు శ్రమపడటం?"

"నువ్వొచ్చావని తెలిసి వచ్చాను చిట్టీ. ఏదో ఒకటి పారేస్తావుగా, ఏరుకుందామని."

మా అత్తయ్య పెద్దాసుపత్రి రికార్డు రూములో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. ఈయన ఆవిడ కింద గుమాస్తాగా చేరి, రోగుల చిట్టీలు వరసగా పోగొట్టి, చిట్టీ అన్న పేరు మిగుల్చుకుని ఉద్యోగం మానేశాడు. రిటైరయ్యాక అత్తయ్య దగ్గరికి జనం రావడం మొదలైంది. పోయిన కాగితాలు, దొంగ సంతకాలు, మారిపోయిన పుట్టినతేదీలు. చావు కేసు మాత్రం ఇదే మొదలు. పిన్ని, అంటే మాస్టారి భార్య, శుక్రవారం రాత్రి ఫోన్ చేసి ఒక్కటే మాట అంది. "మీ అత్తయ్యని తీసుకురా తల్లీ. నన్ను హంతకురాలంటున్నారు."

"పన్నెండింటికి ఎస్సైగారొస్తున్నారు" అన్నాడు చిట్టీ. "ఈ టీ గ్లాసు, ఈ డబ్బా, ఈవిడ, మూడూ ఆయనకి అప్పజెప్పేస్తా. పదకొండింటికి టీ ఇచ్చింది. పదకొండూ ఇరవైకి మనిషి లేడు. లెక్క తేలిపోయింది."

"నీ లెక్కలు నాకు తెలుసులే. అమ్మా, నువ్వు చెప్పు. టీ తాగాడా?"

పిన్ని గుమ్మంలో చతికిలబడి ఉంది. రెండు రోజులుగా దువ్వని తల. "సగం తాగారు. వేడిగా ఉందని పక్కన పెట్టారు."

"తర్వాత?"

"నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను. మిషను చప్పుడు వినపడుతూనే ఉంది. ఆగింది. మళ్ళీ మొదలవుతుందిలే అనుకున్నా. ముప్పై ఏళ్ళుగా అది ఎప్పుడాగినా మళ్ళీ మొదలయ్యేది కదమ్మా."

నాకు ఆ చప్పుడు చెవుల్లో వినపడింది. మధ్యాహ్నాలు ఆ చప్పుడికే నిద్ర ముంచుకొచ్చేది నాకు. మాస్టారు సుద్దముక్క నా నెత్తిన వేసి, "ఏమ్మా, కలలో కాలరు కుడుతున్నావా?" అనేవాడు.

"ఆ చప్పుడు ముందు కూడా ఎప్పుడైనా అలా హఠాత్తుగా ఆగిందా?" అత్తయ్య అడిగింది.

"సోమవారం నుంచి ఆగుతోంది. ఏమిటని అడిగితే దారం తెగిందన్నారు. మంగళ, బుధవారాలు విరేచనాలు పట్టుకున్నాయి. పడుకోమంటే వినలేదు."

అత్తయ్య నావైపు తిరిగింది. "అమ్మాయ్, నాకు ఫైళ్ళు చదవడం వచ్చు. బట్టలు రావు. ఈ కొట్లో ఏముందో నువ్వు చూసి చెప్పు."

మిషను మీద చొక్కా అలాగే ఉంది. తెల్ల కాలరు, మిషను పాదం కింద నుంచి తియ్యలేదెవరూ. వంగి చూశాను. మాస్టారి కుట్టు గీత గీసినట్టు ఉంటుంది. ఇది కూడా నాలుగు వేళ్ళ పొడవునా అలాగే వచ్చింది. తర్వాత ఒకచోట పక్కకు జారి, మళ్ళీ దారిలోకొచ్చి, జానెడు నడిచి, అంచు దాటి పోయి ఆగింది.

గోడకు ఇంకో మూడు చొక్కాలు వేలాడుతున్నాయి. కుట్టడం పూర్తయిన రోజును చీటీ మీద రాసి మాస్టారు ప్రతి చొక్కాకీ గుచ్చేవాడు. బుధవారం చొక్కా తిప్పి చూశాను. పక్క కుట్టులో రెండుచోట్ల జారింది. మంగళవారందీ రెండుచోట్ల. సోమవారందీ ఒకచోట. అక్కడక్కడ విప్పి మళ్ళీ కుట్టిన సూది చిల్లులు కూడా ఉన్నాయి. ఆదివారం కొట్టు సెలవు. దానికి ముందు శనివారం కుట్టిన పరికిణీ అల్మారాలో దొరికింది. దాని అంచు చుట్టూ వేలు పెట్టి నడిచాను. ఎక్కడా జారలేదు.

"అత్తయ్యా, ఆయన సోమవారం నుంచీ కుడుతూ కుడుతూ స్పృహ తప్పుతున్నాడు. ఒక్క క్షణం. చెయ్యి జారుతుంది, కాలు మాత్రం ఇంకో రెండు తొక్కులు తొక్కుతుంది. మళ్ళీ తెలివొచ్చి సరిచేసుకున్నాడు. దారం తెగలేదు. తెగితే ముడి ఉంటుంది. ఎక్కడా ముడి లేదు."

అత్తయ్య చిట్టీని చూసి నవ్వింది. ఆ నవ్వు చూస్తే రికార్డు రూములో ఎందరు గుమాస్తాలు సెలవు చీటీ రాసుకున్నారో అర్థమవుతుంది.

"ఏం చిట్టీ, గురువారం ఇచ్చిన టీ సోమవారం కుట్టుని ఎలా వంకర తిప్పింది?"

చిట్టీ ఎర్రబడ్డాడు. "అయితే సోమవారం నుంచే కొద్దికొద్దిగా పెడుతోందన్నమాట! ఈ డబ్బా సంగతి చెప్పమనండి మరి. దీన్నిండా మాత్రలున్నాయి. పేరు లేదు, రేకు లేదు. ఏంటివి అని రెండు రోజులుగా అడుగుతున్నా. ఏం చెప్పిందో తెలుసా?"

"గుండీలు" అంది పిన్ని, తల ఎత్తకుండా. "గుండీల డబ్బాలో గుండీలే ఉంటాయి."

ఆ డబ్బాలో ఏముందో నాకు తెలుసు. చెబితే పిన్ని బయటపడుతుంది. కానీ నీకెలా తెలుసని అత్తయ్య అడుగుతుంది.

"చిట్టీ, పన్నెండు దాకా టైముందిగా" అంది అత్తయ్య. "వెళ్ళి టీ తాగిరా. బయటే తాగు. ఈ ఇంట్లో టీ అంటే నీకు భయం కదా."

"డబ్బా ముట్టుకోవద్దు మేడమ్."

"ముప్పై ఒక్క ఏళ్ళలో నా చేతుల్లోంచి ఒక్క కాగితం పోలేదు. నువ్వు ఆ మాట అనగలవా?"

వెళ్ళాడు. అత్తయ్య తలుపు దగ్గరగా వేసింది. టైము పది.

అది బిస్కెట్ల డబ్బా. లోపల అట్టముక్కలతో మాస్టారు అరలు చేశాడు. పై వరసలో చొక్కా గుండీలు, కోటు గుండీలు, పిల్లల గౌన్లకు పువ్వు గుండీలు. అట్ట ఎత్తితే కింది వరసలో మాత్రలు. ఆ కింద, అడుగున, చుట్టచుట్టి పెట్టిన బెత్తెడు వెడల్పు గుడ్డ పట్టీలు.

ఆ పట్టీల సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట నాకు జబ్బని తెలిసిన మూడోవారం, మందులిచ్చే చోట వరసలో నిలబడి ఉన్నాను. ముందు నిలబడ్డాయన వెనక్కి తిరిగాడు. మాస్టారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నాకు అక్కడికక్కడే నేలలోకి దిగిపోవాలనిపించింది. ఆయన మాత్రం నా చీర అంచు చూసి, "మడత ఊడింది. రేపు కొట్టుకు రా, కుట్టుకుపోదువుగాని" అన్నాడు. అంతే. మరునాడు వెళితే చేతిలో ఒక గుడ్డ పట్టీ పెట్టాడు.

"కాగితమ్మీద గీత పెట్టుకుంటే ఎవరో ఒకరు ఏమిటని అడుగుతారు. గుడ్డ మీద కుట్టు వేస్తే ఎవరూ అడగరు. మాత్ర వేసుకోగానే ఒక కుట్టు. ఏడోరోజు అడ్డకుట్టు. నెలాఖరుకు తెచ్చి నాకు చూపించాలి. కాజా పాఠం అనుకో."

ప్రతి నెలా తీసుకెళ్ళేదాన్ని. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, వేలితో ఒక్కో కుట్టూ తడిమి, "తప్పలేదు. పో" అని దాన్ని ఈ డబ్బా అడుగున పెట్టేవాడు. బడిలో నేనెప్పుడూ మంచి మార్కులు తెచ్చుకోలేదు. ఆ 'తప్పలేదు' నాకు ఫస్టు క్లాసు.

ఇప్పుడా పట్టీలన్నీ అత్తయ్య ఒళ్ళో ఉన్నాయి. ఒకటి తీసింది. వెలుగుకు పట్టుకుంది. గులాబీ రంగు దారం.

"ఇది మా పాప గౌను దారం కదూ?"

మాస్టారి స్టూలు మీద కూచున్నాను. చెప్పేద్దామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది.

"ఏడవకు. పని చాలా ఉంది" అంది అత్తయ్య. పట్టీని చుట్టి నా గుప్పిట్లో పెట్టింది. "రోజూ రాత్రి తొమ్మిదింటికి నీకు దాహం వేస్తుంది. నాలుగేళ్ళుగా. ఎండాకాలం, వానాకాలం, పెళ్ళిలో ఉన్నా, చావింట్లో ఉన్నా, సరిగ్గా తొమ్మిదింటికే. గడియారం చూసుకుని దాహమేసే మనిషిని నేనెక్కడా చూడలేదే అమ్మాయ్."

"మీకు... తెలుసా?"

"ఏ మాత్రో తెలియదు. మాత్రని మాత్రం తెలుసు. నువ్వే చెప్తావని చూశాను. ఒక్క రాత్రి నువ్వు మర్చిపోతే గ్లాసు కింద పడేసి గుర్తుచేద్దామనుకున్నాను. నువ్వు మర్చిపోలేదు." కొంగుతో నా మొహం తుడిచింది, కాస్త గట్టిగానే. "ఇప్పుడు చెప్పు. మాస్టారిదీ అదేనా?"

పిన్నివైపు చూశాను. ఆవిడ తల ఊపింది. "ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నారు" అంది. "జైల్లో కూచున్నా చెప్పేదాన్ని కాదు."

"చెప్పొద్దు. చెప్పకుండానే తేలుద్దాం. అమ్మాయ్, ఆయన ఆఖరి పట్టీ చదువు."

చదివాను. తెల్లదారం, రోజుకొక కుట్టు, తప్పలేదు. కానీ కిందటి వారం శుక్రవారం నుంచి తెల్లకుట్టు పక్కన రోజూ రెండు నీలం కుట్లు. ఆదివారం నుంచి వాటి పక్కన ఒక పసుపు కుట్టు. బుధవారంతో అన్నీ ఆగాయి. గురువారం చోట ఒకే ఒక్క నీలం కుట్టు, దాని కొసకు ముడి కూడా వెయ్యలేదు.

"నీలం రోజుకు రెండు, పసుపు రోజుకు ఒకటి. కొత్త మందులు" అన్నాను. "పసుపు మొదలైన మర్నాడే కుట్టు జారడం మొదలైంది."

"నీలం దగ్గుకి" అంది పిన్ని. "సాయంత్రాలు కూచునే గొంతు డాక్టరు రాశాడు. పసుపు నాకు తెలీదు. నోట్లో తెల్లగా పూసిందన్నారు."

పదీ నలభైకి ముగ్గురం సందు చివర మందుల షాపులో ఉన్నాం. షాపతను అత్తయ్యను చూసి బిల్లు పుస్తకం ముందుకు తోశాడు. ఆవిడ దాన్ని పక్కకు జరిపింది.

"కుట్టు మాస్టారికి దగ్గు మాత్రలు ఎప్పుడిచ్చావు?"

"కిందటి వారం శుక్రవారం పొద్దున. డాక్టరు చీటీ ఉందండి."

"నోటి పూతకి?"

"ఆదివారం." గొంతు తగ్గింది. "చీటీ లేదు. ఎరిగున్న మనిషి, నోరు తెరిచి చూపించాడు. ఫంగస్ మాత్ర ఇచ్చాను. అందరికీ ఇచ్చేదేనండి."

"ఇంకేమైనా వాడుతున్నావా అని అడిగావా?"

"ఎందుకడగనండీ! అడిగాను. బీపీ మాత్ర అన్నాడు."

నేను కూడా అదే చెబుతాను. ఎక్కడడిగినా బీపీ మాత్ర అంటాను. ఇరవై ఆరేళ్ళదానికి బీపీ ఏమిటని ఎవరూ అడగరు. మేమంతా నేర్చుకున్న అబద్ధం అది. రేకు చింపి మాత్ర విడిగా తీసి పెట్టుకోవడం, పేరడిగితే బీపీ అనడం. మనుషుల నుంచి దాచడానికి నేర్చుకున్నాం. డాక్టర్ల నుంచి కూడా దాస్తున్నామని ఎవరూ అనుకోలేదు.

"ఏ డాక్టరు కాగితం ఇంకో డాక్టరు చూడలేదు" అంది అత్తయ్య బయటికొచ్చి. "ముప్పై ఒక్క ఏళ్ళు నేను చూసింది ఇదే. ఒకే మనిషివి మూడు ఫైళ్ళు, మూడు గదుల్లో."

షాపు మెట్ల మీదే పిన్ని చేత మా డాక్టరమ్మకు ఫోన్ చేయించాం. పిన్ని తనే భర్త పేరు చెప్పి, మాత్రల పేర్లు షాపతను తేదీలతో రాసిచ్చిన కాగితంలోంచి చదివింది.

"చూడకుండా ఖాయంగా చెప్పలేనమ్మా" అంది డాక్టరమ్మ. "కానీ నాకు భయం వేస్తున్నది ఇదే. గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్ళీ కొట్టుకునే ముందు కాస్త సర్దుకోవాలి. కొన్ని మాత్రలు ఆ సర్దుకునే టైముని సాగదీస్తాయి. ఆయన వాడే మా మాత్ర కొంచెం, దగ్గు మాత్ర కొంచెం, ఫంగస్ మాత్ర కొంచెం. ఒకటి ఇంకోదాన్ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు కూడా. దానికి తోడు విరేచనాలతో ఒంట్లో లవణాలు పోయాయి. అప్పుడు లయ తప్పుతుంది. ముందు తల తిరుగుతుంది, క్షణం స్పృహ పోతుంది. తర్వాత..." ఆగింది. "మా పేషెంట్లకి గుండె లయ తప్పే ప్రమాదం మామూలు వాళ్ళకంటే కాస్త ఎక్కువే. అందుకే ఈసీజీ తీస్తుంటాం. నన్ను ఒక్కమాట అడిగుంటే ఆ దగ్గుకి వేరే మందు రాసేదాన్ని."

ఈసీజీ అనగానే నాకు ఒక పాత నవ్వు గుర్తొచ్చింది. మొదటిసారి నాకు తీసినప్పుడు ఆ కాగితం మాస్టారికి చూపించాను. ఆయన దాన్ని కళ్ళజోడులోంచి చూసి, "ఎవరమ్మా కుట్టింది? కుట్టు కుట్టుకీ ఎడం సమంగా ఉంది. పనివాడే" అన్నాడు. తనది తీయించుకోమంటే, "నా మిషను నడుస్తూనే ఉందిగా" అన్నాడు.

పన్నెండుకు అయిదు నిమిషాలుందనగా కొట్టుకు తిరిగొచ్చాం. చిట్టీ గుమ్మంలో గడియారం చూసుకుంటున్నాడు.

"డబ్బా ఇవ్వండి."

"తీసుకో. మూత మీద సీలు వేశాను, సంతకం చేశాను. ఆసుపత్రి డాక్టరు ఎస్సైగారికి ఉత్తరం ఇస్తుంది, పోస్టుమార్టం డాక్టరుతో మాట్లాడుతుంది. మూడు చోట్ల రాయించుకున్న మందులు కలిసి గుండె ఆగిందని. ఆ మాత్రలు ఆయనవే, ఆయనే వేసుకున్నాడు. ఇంక దేనికన్నది డాక్టరుకీ ఎస్సైకీ సంబంధం. నీక్కాదు, వాళ్ళన్నయ్యక్కాదు."

"జబ్బేంటో చెప్పకపోతే నేను ఊరుకుంటానా? వాళ్ళన్నయ్యకి నేనేం చెప్పను?"

అత్తయ్య ఆయన దగ్గరికి నడిచింది. ఆయన భుజం దాకా వస్తుంది ఆవిడ. "చిట్టీ, ఇరవై ఏళ్ళ కిందట నువ్వు ఒక చిట్టీ పోగొట్టావు గుర్తుందా? ఆ పేషెంటుకి ఏ మందు పడదో రాసున్న చిట్టీ. నేను రాత్రంతా వెతికి చెత్తబుట్టలోంచి తీశాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరి కాగితం ఎక్కడ దాచాలో నాకు తెలుసు. నువ్వూ ఒకటి దాచు."

చిట్టీ జేబులోంచి నల్లకళ్ళద్దాలు తీసి, పెట్టుకోకుండా మళ్ళీ జేబులో వేశాడు. "గుండెపోటని చెప్తాలెండి" అన్నాడు. డబ్బా రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని, ఎస్సైగారికి ఎదురెళ్ళి ఇవ్వడానికి గుమ్మం దిగాడు. పిన్ని ముందు ఆగి, "క్షమించండమ్మా" అనేసి, జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోయాడు.

అంతటితో కథ అయిపోయిందనుకున్నాను. పిన్ని ఏడుస్తోంది, నేను ఏడుస్తున్నాను. అత్తయ్య మాత్రం షాపతను ఇచ్చిన కాగితం చూస్తూ నిలబడి ఉంది.

"అమ్మాయ్. దగ్గు మాత్రలు శుక్రవారం కొన్నాడు. ఫంగస్ మాత్రలు ఆదివారం. మరి మంగళవారం మళ్ళీ రెండూ కొన్నట్టు రాసుందేంటి?"

షాపుకి ఫోన్ చేసింది. అతని గొంతు నాకూ వినపడింది. "అవునండి. మా పిల్లకి కూడా ఇదే దగ్గు, ఇదే నోటి పూత, పాపం డాక్టరు దగ్గరికెళ్ళే తీరిక లేదు అన్నాడు. ఇచ్చాను."

మాస్టారికి పిల్లల్లేరు.

అత్తయ్య నన్ను చూసింది. ఆవిడ కళ్ళలో భయం నేను మొదటిసారి చూశాను. "నీకా?"

"కాదత్తయ్యా. నాకు దగ్గు లేదు. ఒట్టు."

"అయితే ఇంకో పిల్ల ఎవరు?"

డబ్బా ఇచ్చేముందు పట్టీలన్నీ పిన్ని పక్కకు తీసింది. వాటిని నేల మీద పరిచాను. తెల్లదారం మాస్టారిది. గులాబీ నాది. వాటి మధ్యలో ఆకుపచ్చ దారంతో ఒక పట్టీ. నెల నిండింది, తప్పలేదు. కుట్లన్నీ ఎడమవైపు వాలి ఉన్నాయి.

ఆ వాలు కుట్టు ఎక్కడున్నా నేను గుర్తుపడతాను. పుర్రచెయ్యి.

మాస్టారి దగ్గర నాతోపాటు చేరిన పిల్ల. ఎడమచేత్తో కుట్టేది, అందుకే ఆ పేరు. ఉన్నది ఒక్క మిషను, నేర్చుకునేవాళ్ళం ఇద్దరం. చెరో కాలు పెట్టి తొక్కేవాళ్ళం. దాని కాలు ముందుకు, నా కాలు వెనక్కి, దారం తెగి, మాస్టారి తిట్లు, మా నవ్వు. దాని కోసం మాస్టారు ఎక్కడో వెతికి ఎడమచేతి కత్తెర తెప్పించాడు. "ప్రపంచమంతా కుడిచేతి కత్తెరే చేస్తే ఈ పిల్లేం చేస్తుంది?" అన్నాడు. మా ఇద్దరికీ ఆర్నెల్ల తేడాతో కూతుళ్ళు పుట్టారు. ఒకే తాను లోంచి ఇద్దరికీ గులాబీ గౌన్లు కుట్టాడు. ఎన్నోసార్లు పక్కపక్కన కూచుని పిల్లల దగ్గుల గురించి, పళ్ళ గురించి మాట్లాడుకున్నాం. తనకుందని నాకు చెప్పలేదు. నాకుందని నేను చెప్పలేదు. ఒకే డబ్బాలో మా ఇద్దరి పట్టీలు నెలనెలా ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. ఒంటిగంటకు దాని గది దగ్గరున్నాం. తలుపుకు తాళం. కింద ఉండే ఇల్లుగలావిడ బయటికొచ్చింది.

"బుధవారం పొద్దున్నే ఖాళీ చేసింది. ఎక్కడో రెడీమేడ్ బట్టల షెడ్డులో పని దొరికిందట. ఉండటం కూడా అక్కడేనంది. ఊరి పేరు చెప్పిందిగానీ, నాకు గుర్తుంటేగా!"

"బాగానే ఉందా మనిషి?"

"దగ్గుతోంది. పిల్లని చంకనేసుకుని దిగుతూ మెట్ల మీద కూచుండిపోయింది. ఏమైందే అంటే, ఏం లేదు, తల తిరిగింది అంది. మంచినీళ్ళిచ్చా. తాగి వెళ్ళిపోయింది."

కిటికీ చువ్వల్లోంచి చూస్తే ఖాళీ గది. గూట్లో నలిపేసిన మాత్రల రేకు. అత్తయ్య చెయ్యి దూర్చి తీసింది. దగ్గు మాత్రల రేకు ముక్క, రెండు గుంతలు ఖాళీ. మంగళవారం రాత్రి ఒకటి, బుధవారం పొద్దున ఒకటి. మిగతావి వెంట తీసుకెళ్ళింది. శనివారానికి ఎన్నయి ఉంటాయో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ధైర్యం లేదు.

డాక్టరమ్మకు చెప్పాం. వాళ్ళ దగ్గరున్న నంబరూ ఇదే. మిగతా మందుల సెంటర్లన్నిటికీ కబురు పెడతానంది. ఎస్సైగారికి చెప్పాం. చిట్టీ కూడా వెతుకుతున్నాడు, ఈసారి తొడుగులు లేకుండా. కానీ బట్టల షెడ్డులు వందలున్నాయి, వాటిల్లో మిషన్లు వేలున్నాయి.

అందుకే ఇది చదివేవాళ్ళను అడుగుతున్నాను. మీ వీధిలో గానీ, మీరు పనిచేసే చోట గానీ, ఈమధ్య కొత్తగా చేరిన మనిషి, ఎడమచేత్తో కత్తెర పట్టేది, వెంట గులాబీ గౌను వేసుకున్న రెండేళ్ళ పిల్ల ఉన్నది కనిపిస్తే, దాని జబ్బేమిటని అడక్కండి. దగ్గు తగ్గిందా, తల తిరుగుతోందా అని అడగండి. మాస్టారు ఇచ్చిన రెండు రకాల మాత్రలూ ఇక వేసుకోవద్దనండి, రాత్రి వేసుకునేది మాత్రం మానొద్దనండి. అన్నీ ఒక్క సంచిలో వేసుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి, దేన్నీ దాచకుండా ఒకే డాక్టరు ముందు పరచమనండి. నేను దాని పక్కనే కూచుంటానని, ఈసారి అన్నీ చెప్పుకుందామని చెప్పండి.

పనికి రాలేదంటే మాత్రం, నిద్రపోతోందిలే అని ఊరుకోకండి. లోపల ఒక పసిపిల్ల జడ విప్పి ఆడుకుంటోందేమో. ఒక్కసారి వెళ్ళి చూడండి. తెరిచేదాకా తలుపు తట్టండి.